మూడున్నర తర్వాతి లెక్క

షేర్లలోనో ఫ్యూచర్స్‌లోనో రోజువారీ ట్రేడింగ్ చేసేవాళ్లు మధ్యాహ్నం మూడున్నరకు మార్కెట్ మూసేయగానే చూసేది ఒకే ఒక్క అంకె. ఫోన్ తెర మీద పచ్చగానో ఎర్రగానో మెరిసే ఆనాటి లాభమో నష్టమో అది. పచ్చగా ఉంటే ఇవాళ బాగా ఆడినట్టు, ఎర్రగా ఉంటే ఎక్కడో తప్పు చేసినట్టు. ట్రేడింగ్ నేర్పే పుస్తకాలు, యూట్యూబ్ పాఠాలు అన్నీ ఒక్క మాట మీద నిలబడి చెప్పే సలహా కూడా దీని చుట్టూనే తిరుగుతుంది: రోజూ ఫలితాలు చూసుకో, డైరీ రాయి, తప్పులు దిద్దుకో. లెక్క రాయమనడంలో నాకు పేచీ లేదు, రాయవలసిందే. పేచీ అంతా ఆ రోజు వచ్చిన డబ్బును బట్టి ఆ రోజు చేసిన పనికి మార్కులు వేయడం దగ్గర. ఒక రోజు ఫలితానికి అంత బరువు మోసే శక్తి లేదు. దాని మీద ఆధారపడి దిద్దుకున్న తప్పుల్లో చాలా భాగం తప్పులే కావు, నేర్చుకున్న పాఠాల్లో చాలా భాగం పాఠాలూ కావు.

కాస్త అంకెల్లోకి వెళ్దాం. ఒక మనిషికి నిజంగానే మంచి పద్ధతి ఉందనుకోండి. ఖర్చులన్నీ పోగా రోజుకు సగటున 200 రూపాయలు మిగులుతుంది. కానీ మార్కెట్ కదా, ఏ రోజుకారోజు ఫలితం ఆ సగటుకు అటూ ఇటూ 2,000 రూపాయల మేర ఊగుతూ ఉంటుంది. ఇది సామాన్యమైన పద్ధతి కాదు, పెద్ద పెద్ద ఫండ్‌లు కూడా సంతోషించే స్థాయిది. అయినా ఈ మనిషికి నూటికి 46 రోజులు నష్టంతోనే ముగుస్తాయి. వరుసగా 5 రోజులు ఎర్ర అంకె చూడటం ఏడాదిలో రెండు మూడుసార్లు మామూలుగానే జరుగుతుంది. అతని పద్ధతికి నిజంగా పస ఉందా, లేక కలిసొచ్చిందా అని ఓ మోస్తరు నమ్మకంతో తేల్చాలంటే ఎన్నాళ్ల ఫలితాలు కావాలో లెక్క వేస్తే సుమారు 400 ట్రేడింగ్ రోజులు తేలుతుంది. మార్కెట్ ఏడాదికి 250 రోజుల దాకా నడుస్తుంది కాబట్టి అది ఏడాదిన్నర పైమాట. ఏడాదిన్నర పడితే గానీ తేలని ప్రశ్నకు మనం రోజూ సాయంత్రం జవాబు రాసేస్తున్నాం.

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. ఏ నేర్పూ లేని వెయ్యి మందిని తీసుకోండి, ఖర్చుల సంగతి కాసేపు పక్కన పెట్టండి. నెల తిరిగేసరికి వాళ్లలో దాదాపు 500 మంది లాభంలో ఉంటారు. వరుసగా మూడు నెలలూ లాభంలో ఉన్నవాళ్లు 125 మంది దాకా తేలతారు. ఆ 125 మంది డైరీలు తెరిచి చూస్తే ఎంత క్రమశిక్షణ, ఎన్ని సూత్రాలు, ఎంత ఆత్మవిశ్వాసం! టెలిగ్రామ్ గ్రూపుల్లో లాభాల స్క్రీన్‌షాట్లు పెట్టేది వీళ్లే. మిగతా 875 మంది ఏమీ పెట్టరు కనుక మన కంటపడరు. ఆ స్క్రీన్‌షాట్లలో మోసం ఉండాలనేం లేదు, అన్నీ నిజమైనవే కావచ్చు. నిజమైన స్క్రీన్‌షాట్ కూడా నేర్పుకు రుజువు కాదు.

అలాగని ఒక రోజు లెక్కలో తెలిసేదేమీ లేదా అంటే ఉంది. అది ఎక్కువమంది తెరవని కాగితంలో ఉంది. ట్రేడ్ చేసిన 24 గంటల్లోపు బ్రోకర్ మనకు కాంట్రాక్ట్ నోట్ పంపాలి. ఈమెయిల్‌లో, పాస్‌వర్డు కొడితే గానీ తెరుచుకోని ఫైలుగా వచ్చి పడి ఉంటుంది. ఒక ఉదాహరణ తీసుకుని దాని కింది వరుసలు చదువుదాం. 400 రూపాయల షేరు 500 కొని, అదే రోజు 401కి అమ్మారు. తెర మీద 500 రూపాయల లాభం. ఇప్పుడు నోట్ చూడండి. ఆర్డరుకు 20 చొప్పున కొన్నందుకు, అమ్మినందుకు బ్రోకరేజీ 40. అమ్మకం విలువ మీద 0.025 శాతం చొప్పున సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ టాక్స్, మనవాళ్లు ఎస్‌టీటీ అనేది, 50. ఎక్స్ఛేంజీ చార్జీ 12 దాకా. కొనుగోలు మీద స్టాంపు డ్యూటీ 6. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ రుసుము పైసల్లో. బ్రోకరేజీ మీద, ఎక్స్ఛేంజీ చార్జీ మీద 18 శాతం జీఎస్‌టీ, 9 రూపాయల పైచిలుకు. అంతా కలిపి ఇంచుమించు 118. అంటే రూపాయి పెరిగితే చేతికొచ్చేది 382, రూపాయి తగ్గితే పోయేది 618. ఇలా రూపాయికి రూపాయి లక్ష్యంగా ఆడే మనిషి నూటికి 50 సార్లు కరెక్టయితే సమంగా ఉంటాననుకుంటాడు. నిజానికి నూటికి 62 సార్లు కరెక్టయితే గానీ ఉన్నచోట ఉండడు.

ఈ 118 రూపాయలు లాభం లాగా ఇవాళ ఉండి రేపు పోయేవి కావు. మార్కెట్ పెరిగినా తగ్గినా, అంచనా ఫలించినా బెడిసికొట్టినా కట్టవలసినవి. రోజు లెక్కలో ఖచ్చితంగా తెలిసే అంకె ఇదొక్కటే అన్నా తప్పులేదు, విచిత్రమేమిటంటే యాప్ మొదటి తెర మీద పెద్ద అక్షరాల్లో కనిపించే లాభనష్టాల్లో చాలాసార్లు ఇది కలిసి ఉండదు. సెబీ 2024 జూలైలో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతే పెద్ద ఎత్తున చూపించింది. 2022-23లో షేర్లలో ఇంట్రాడే, అంటే ఏ రోజుకారోజు ముగించే ట్రేడింగ్, చేసిన వ్యక్తుల్లో పది మందికి ఏడుగురు నష్టపోయారు. నష్టపోయినవాళ్లు తమ ట్రేడింగ్ నష్టానికి అదనంగా దానిలో 57 శాతం మేర ఖర్చుల కింద కట్టారు. ఏడాదికి 500 కన్నా ఎక్కువ ట్రేడ్లు చేసినవాళ్లలో నష్టపోయినవాళ్లు 80 శాతం. ఎక్కువ తిప్పినకొద్దీ ఎక్కువమంది పోగొట్టుకున్నారన్న మాట. ఫ్యూచర్స్, ఆప్షన్స్ సంగతి మరీ ఘోరం. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో నూటికి 93 మంది వ్యక్తులు నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని సెబీ 2024 సెప్టెంబరు నివేదిక చెప్పింది. ఆ మూడేళ్లలో ఖర్చుల రూపంలో వ్యక్తులు చెల్లించింది దాదాపు 50 వేల కోట్లు. 2024-25 ఒక్క ఏడాదిలోనే వ్యక్తుల నికర నష్టం లక్షా 5 వేల కోట్లు దాటింది.

పచ్చ అంకె, ఎర్ర అంకె అబద్ధమాడే దారులు ఇంకా ఉన్నాయి. వాటిలో మన దగ్గర బాగా అలవాటైన దారి ఒకటి చెబుతాను. పొద్దున ఇంట్రాడే కోసం కొన్న షేరు పడిపోయింది. మూడు గంటలు దాటింది, ఇంకాసేపుంటే బ్రోకరే స్క్వేర్ ఆఫ్ చేసేస్తాడు, అంటే అమ్మేస్తాడు. అప్పుడు ఏం చేస్తారు? ఖాతాలో డబ్బుంటే ఆ పొజిషన్‌ను డెలివరీకి, అంటే పూర్తి డబ్బు కట్టి షేర్లు ఉంచుకునే పద్ధతికి, మార్చేస్తారు. ఒక్క బటన్ నొక్కితే సరి, ఇంట్రాడే ట్రేడరు కాస్తా దీర్ఘకాలిక ఇన్వెస్టరైపోతాడు. లాభంలో ఉన్నవి మాత్రం ఆ రోజే అమ్మి బుక్ చేస్తారు. నెలాఖరుకు డైరీ చూస్తే ఇంట్రాడే పేజీ నిండా లాభాలే. నష్టాలన్నీ హోల్డింగ్స్ పేజీలోకి వలసపోయి, ‘ఎప్పటికైనా పెరుగుతుందిలే’ అన్న ఆశ కింద కాపురం పెడతాయి. లాభమొచ్చినవి త్వరగా అమ్మేసి నష్టపోయినవి పట్టుకుని కూర్చునే ఈ గుణాన్ని 1985లోనే హెర్ష్ షెఫ్రిన్, మెయిర్ స్టాట్‌మన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు వివరించారు. టెరెన్స్ ఓడియన్ తర్వాత అమెరికాలో 10 వేల ఖాతాల రికార్డులు పరిశీలించి అది నిజమేనని చూపించాడు.

ఫ్యూచర్స్‌లో ఈ దాపరికం అంత తేలిక కాదు, అక్కడ తిప్పలు వేరు. ప్రతి సాయంత్రం ముగింపు ధర కట్టి, తేడా డబ్బును ఖాతాలోంచి తీసుకోవడమో వేయడమో చేస్తారు. ఎంటీఎం అనేది ఇదే. నాలుగు రోజుల కిందట తీసుకున్న నిర్ణయం తాలూకు డబ్బు ఇవాళ్టి వరుసలో కనిపిస్తుంది. ఇవాళ ఏమీ చేయకుండా కూర్చున్నవాడు కూడా తెర మీద లాభమో నష్టమో చూస్తాడు, దాన్ని ఇవాళ్టి తెలివికో తెలివితక్కువతనానికో అంటగడతాడు. ఆప్షన్లు అమ్మేవాళ్ల సంగతైతే మరీను. ప్రీమియం వసూలు చేసుకునే ఆ వ్యాపారంలో ఎక్కువ రోజులు పచ్చగానే ముగుస్తాయి, అదే దాని స్వభావం. 2024 జూన్ 3న నిఫ్టీ 3 శాతానికి పైగా ఎగిరి రికార్డు కొట్టింది. మర్నాడు లోక్‌సభ ఓట్ల లెక్కింపు రోజున 6 శాతం దాకా కూలింది, 1,379 పాయింట్లు. రక్షణ లేకుండా పుట్‌లు, అంటే మార్కెట్ పడితే విలువ పెరిగే ఆప్షన్లు, అమ్మి కూర్చున్నవాళ్లకు నెలల తరబడి పోగైన పచ్చ రోజులు ఆ ఒక్క రోజు ముందు ఎందుకూ పనికిరావు. నూటికి ఇన్ని రోజులు గెలిచాను అన్న లెక్క ఆ వ్యాపారంలో ఏమీ చెప్పదు.

కరెన్సీ మార్కెట్లో ఇంతకన్నా నిఖార్సైన ఉదాహరణ ఉంది. 2011 సెప్టెంబరులో స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు యూరో విలువ 1.20 స్విస్ ఫ్రాంకుల కన్నా తగ్గనివ్వనని ప్రకటించింది. మూడేళ్ల పైన ఆ మాట నిలిచింది. 1.20 దగ్గరికి రాగానే యూరో కొను, కాస్త పెరగగానే అమ్ము అన్న పద్ధతితో ఎవరు డైరీ రాసినా రోజుకు రోజు చక్కగా కుదిరింది. 2015 జనవరి 15న ఏ ముందస్తు హెచ్చరికా లేకుండా ఆ హామీని ఉపసంహరించుకున్నారు. నిమిషాల్లో యూరో ఒక ఫ్రాంకు కన్నా దిగువకు జారింది. స్టాప్ లాస్‌లు, అంటే ధర ఇంతకు దిగితే అమ్మేయమన్న ముందస్తు ఆర్డర్లు, పెట్టుకున్నవాళ్లకు కూడా ఆ ధర దొరకలేదు, మధ్యలో కొనేవాడు ఉంటే కదా. ఖాతాదారుల నష్టాలు బ్రోకర్ల మీద పడి బ్రిటన్‌లో అల్పారీ దివాలా తీసింది. అమెరికాలో ఎఫ్‌ఎక్స్‌సీఎమ్ 30 కోట్ల డాలర్ల అప్పుతో గట్టెక్కింది. మూడేళ్ల డైరీలో ఎక్కడా ఈ ప్రమాదం అంకె రూపంలో కనపడలేదు, కనపడే అవకాశమూ లేదు. ఇక్కడే ఒక మాట. రూపాయితో ముడిపడిన కరెన్సీ ఫ్యూచర్స్ నిజంగా విదేశీ మారకం అవసరమున్న వాళ్ల కోసమేనని రిజర్వు బ్యాంకు తేల్చి చెప్పి, 2024 మే నుంచి అమలు చేసింది. ఫోన్లో యూరో-డాలరు ఆడిస్తామంటూ వచ్చే విదేశీ యాప్‌ల పేర్లు రిజర్వు బ్యాంకు హెచ్చరిక జాబితాలో చూసుకోండి. ఆ జాబితాలో పేరుంటే ఫలితాల సమీక్ష దాకా పోనక్కర్లేదు.

ఒక రోజు అంకె తప్పు చెప్పినా నష్టమేముంది, మర్నాడు మరిచిపోతాం కదా అంటారేమో. మరిచిపోం. జాషువా కోవల్, టైలర్ షమ్‌వే అనే పరిశోధకులు షికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో సొంత డబ్బుతో బాండ్ ఫ్యూచర్స్ ఆడే వృత్తి ట్రేడర్ల రికార్డులు పరిశీలించి 2005లో ఫలితాలు ప్రచురించారు. ఉదయం నష్టపోయినవాళ్లు మధ్యాహ్నం మామూలు కన్నా ఎక్కువ రిస్కు తీసుకుంటున్నారని తేలింది. వాళ్లు కొత్తగా దిగినవాళ్లు కాదు, అదే బతుకుతెరువుగా ఉన్నవాళ్లు. రోజు ముగిసేలోగా సున్నాకైనా చేరాలన్న ఆరాటం వాళ్ల చేత ఆ పని చేయించింది. రోజు అనే గీత మార్కెట్ గీసింది కాదు, మనం గీసుకున్నది. మూడు గంటలకు వెయ్యి నష్టంలో ఉన్న మనిషికి క్వాంటిటీ రెట్టింపు చేసి కొనాలనిపించేది ఆ గీత వల్లే. లాభంతో ముగిసిన రోజు ఇంకో రకంగా చెడగొడుతుంది. ఒక ట్రేడరు స్టాప్ లాస్ తీసేసి దేవుడి మీద భారం వేసి కూర్చున్నాడు, ధర తిరిగి వచ్చి లాభమిచ్చింది. సాయంత్రం డైరీలో ఇది మంచి ట్రేడ్‌గా నమోదవుతుంది. డబ్బును బట్టి మార్కులు వేస్తే ఆ మనిషి ఇవాళ నేర్చుకున్న పాఠమేమిటో ఊహించండి.

మరి రోజూ చూసుకోవలసిందేమిటి? ఒకప్పుడు జేపీ మోర్గాన్ బ్యాంకు అధిపతి డెనిస్ వెదర్‌స్టన్ రోజూ మార్కెట్లు ముగిశాక సాయంత్రం నాలుగుంబావుకు ఒకే ఒక్క కాగితం తన బల్ల మీద ఉండాలన్నాడు. ఆ కాగితం అడిగిన ప్రధానమైన ప్రశ్న ఇవాళ ఎంత సంపాదించామని కాదు, ఇప్పుడున్న పొజిషన్లతో రేపు ఎంత పోయే అవకాశముందని. ఆ అవసరం లోంచి పుట్టిన లెక్క పద్ధతినే ఆ బ్యాంకు 1994లో రిస్క్‌మెట్రిక్స్ పేరుతో బయటపెట్టింది. దాని సూత్రాల మీద తర్వాత విమర్శలు చాలానే వచ్చాయి, అది వేరే కథ. ప్రశ్న మాత్రం సరైనది. ఇంట్లో కూర్చుని రెండు లాట్లు ఆడే మనిషి కూడా అదే అడగవచ్చు: రేపు పొద్దున మార్కెట్ 3 శాతం కిందకి తెరుచుకుంటే నా ఖాతాలో ఎంత మిగులుతుంది? దానితో పాటు, కొనేముందు అనుకున్న స్టాప్ లాస్ ఎంత, దాని దగ్గర బయటికొచ్చానా, అనుకున్న క్వాంటిటీయే కొన్నానా, ఖర్చు ఎంతైంది, ఏ ట్రేడైనా ముందు రాసుకున్న కారణం లేకుండా జరిగిందా. వీటికి ఆ రోజే అవుననో కాదనో జవాబు దొరుకుతుంది. మార్కెట్ దయ మీద ఆధారపడవు. లాభనష్టాల గడి పేజీ చివర ఉండనివ్వండి, నెలాఖరున ఒకేసారి కూడటానికి.

ఈ డైరీ మరొకరు చూస్తే ఇంకా మంచిది, భార్యో, అన్నో, లెక్కలు తెలిసిన స్నేహితుడో. 1995లో బేరింగ్స్ బ్యాంకును ముంచిన నిక్ లీసన్ సింగపూర్‌లో ట్రేడింగ్ చేసేవాడూ అతనే, ఆ లెక్కలు సెటిల్ చేసేవాడూ అతనే. 88888 నంబరు ఖాతాలో నష్టాలు దాచి, లండన్‌కు లాభాలు చూపించాడు. మునిగింది 82 కోట్ల 70 లక్షల పౌండ్లు. ఇంట్లో డెలివరీకి మార్చిన షేర్ల వలస కూడా చిన్న మోతాదులో అలాంటి ఖాతాయే.

రోజు వచ్చిన డబ్బును బట్టి మార్కులు వేయొద్దన్న మాటకు వచ్చే అభ్యంతరాల్లో బలమైనది వ్యాపారస్తులది. కిరాణా కొట్టువాడు రోజూ గల్లా లెక్క పెట్టుకోడా, ట్రేడింగ్ మాత్రం వ్యాపారం కాదా అంటారు. కొట్టువాడికి సరుకు మీద ఎంత మిగులుతుందో ముందే తెలుసు, అమ్మిన కిలో కందిపప్పు రేపు నష్టంగా మారదు. అందుకే అతని గల్లా నిజం చెబుతుంది. ట్రేడరుకు తన మిగులు సగటున లాభమా నష్టమా అన్నదే తెలియదు, తెలుసుకోవడానికే కదా ఈ తిప్పలన్నీ. రెండో అభ్యంతరం: రోజు ఫలితం చూడకపోతే నష్టం చేయి దాటిపోదా? ఈ మాటలో న్యాయముంది. రోజుకు ఇంతకు మించి పోతే యాప్ మూసేయాలన్న హద్దు తప్పక ఉండాలి. కానీ ఆ హద్దు ముందు రోజు, బుర్ర చల్లగా ఉన్నప్పుడు పెట్టుకోవాలి. దాన్ని దాటినందుకు పద్ధతి తప్పని తీర్మానించనక్కర్లేదు, దాటకుండా ఆగినందుకు గెలిచానని అనుకోనూ అక్కర్లేదు.

మూడోది అనుభవం మాట. రోజూ చూసుకుంటూ పోతే చేయి తిరుగుతుంది, మొదట్లో పోయినా తర్వాత వస్తుంది అంటారు. వడ్రంగానికీ వీణకూ ఇది నిజం, అక్కడ చేసిన తప్పు వెంటనే, ప్రతిసారీ ఒకేలా తెలుస్తుంది. బ్రెజిల్‌లో 2013 నుంచి 2015 మధ్య ఫ్యూచర్స్‌లో డే ట్రేడింగ్ మొదలుపెట్టినవాళ్లను షాగ్, డి-లోసో, జియోవన్నెట్టి అనే పరిశోధకులు పరిశీలించారు. 300 రోజుల కన్నా ఎక్కువ పట్టుదలగా కొనసాగినవాళ్లలో 97 శాతం నష్టపోయారు. అక్కడి కనీస వేతనం కన్నా ఎక్కువ సంపాదించినవాళ్లు 1.1 శాతం. రోజులు గడిచేకొద్దీ నేర్చుకుంటున్న జాడ కూడా వాళ్లకు కనబడలేదు. ఆ ఒకటీ అరా శాతంలో మీరెందుకు ఉండకూడదు అని అడగవచ్చు. ఉండవచ్చు. ఉన్నారో లేదో తెలుసుకునే దారి 400 రోజుల లెక్క తప్ప ఇంకోటి లేదు, అదీ ఖర్చులతో, డెలివరీకి మార్చిన నష్టాలతో సహా.

ఆ లెక్క అసలు ఉపయోగమంతా ఎప్పుడు ఆగాలో చెప్పడంలోనే ఉంది, ఎక్కువమంది దాన్ని వాడుకోనిదీ అక్కడే. వరుసగా రెండేళ్లు నష్టపోయిన ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడర్లలో నాలుగింట మూడొంతుల కన్నా ఎక్కువ మంది మూడో ఏడూ కొనసాగించారని సెబీ నివేదికలో ఉంది. ట్రేడర్లలో నాలుగింట మూడొంతులకు పైగా ఏడాది ఆదాయం 5 లక్షల లోపని చెప్పుకున్నవాళ్లే. వాళ్లందరి దగ్గరా రోజువారీ అంకెలున్నాయి, కాంట్రాక్ట్ నోట్‌లున్నాయి. రోజుకు రోజు చూసుకుంటే ప్రతి నష్టానికీ ఒక సాకు దొరుకుతుంది, ప్రతి లాభం ఒక ఆశ పుట్టిస్తుంది. అందుకే ఆగవలసిన గుర్తును మొదటి ట్రేడ్‌కు ముందే పెట్టుకోవాలి. డైరీ మొదటి పేజీలో మూడు సంగతులు రాయండి: పెట్టుబడి ఎంత, ఎన్నాళ్లకు కూడి చూస్తాను, అప్పటికి ఎంతకన్నా తక్కువ మిగిలితే మానేస్తాను. చివరి అంకె రాసేటప్పుడు, అంతే డబ్బు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే అదే గడువులో వచ్చే వడ్డీని పక్కన రాసుకోండి, పోల్చవలసింది సున్నాతో కాదు, దానితో. కింద తేదీ వేసి, డైరీ చూస్తామని ఒప్పుకున్న మనిషి చేత సంతకం చేయించండి.